బళేపేట మేడమీద బొగ్గింజను



రేడియోలో బొమ్మ చూపించలేం. అందుకని ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. ఛుక్... ఛుక్... ఛుక్... ఛుక్. ఇంచుమించు సెకనుకొకటి. ఇలాంటివి నాలుగు పడితే ఇంజను పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగినట్టు. మామూలు బొగ్గింజనుకు అటొకటి, ఇటొకటి, రెండు సిలిండర్లు ఉంటాయి. ఒక్కో సిలిండరులో ఆవిరి పిస్టనును ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి తోస్తుంది. తోసిన ప్రతిసారీ పని అయిపోయిన ఆవిరి ఒక్క ఉదుటున పొగగొట్టంలోంచి బయటపడుతుంది. రెండు రెళ్లు నాలుగు. చిన్నప్పుడు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మనమంతా నోటితో చేసిన ఛుక్‌ఛుక్‌కు వెనక ఉన్న లెక్క అది.

మొన్న ఆదివారం పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా మా మేడమీద గదిలో నేను చేసిన పని ఆ నాలుగు దెబ్బలూ ఎడం తప్పకుండా పడేలా చూడటమే. నాది బొమ్మ ఇంజను, మూరెడు కూడా ఉండదు, వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరుతో కలిపి జానెడు మీద కొంచెం. అయినా దాన్ని మొదటిసారి పట్టాలెక్కించేటప్పుడు నా చేతికి చెమట పట్టింది.

మా ఇల్లు బెంగళూరు బళేపేటలో. బళె అంటే కన్నడంలో గాజు. మన మాటలో చెప్పాలంటే గాజులపేట. కెంపేగౌడ 1537లో ఊరు కట్టించినప్పటి పాతపేటల ప్రాంతం ఇది. ఇప్పుడు ఇక్కడ పట్టుచీరల కొట్లున్నాయి, వాటితోపాటు వాయిద్యాల అంగళ్లు. వీణలు, తబలాలు, హార్మోనియంలు వేలాడుతూ, వాలుతూ, మరమ్మతుకు విప్పిపెట్టి కనిపిస్తాయి. నాలుగడుగులు వేస్తే మెజెస్టిక్. బస్టాండు ఉన్న చోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. దానికి అవతల సిటీ స్టేషను, ఇప్పుడు క్రాంతివీర సంగొళ్లి రాయణ్ణ పేరు మీద ఉంది.

మా నాన్నది హిందూపురం. గుంతకల్లు నుంచి ధర్మవరం, హిందూపురం, దొడ్డబళ్లాపురం మీదుగా బెంగళూరు వచ్చే దారి అప్పట్లో మీటరుగేజి. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసు పడేదని, వాళ్లమ్మ కొంగు ఉండచుట్టి నోటితో ఊది ఆ వెచ్చటి గుడ్డను కంటికి ఒత్తేదని నాన్న చెప్పేవాడు. నేను ఆ బండి ఎక్కలేదు. నాకు ఊహ తెలిసేసరికి డీజిలే. 1995 డిసెంబరులో మన దేశపు బ్రాడ్‌గేజి మీద రోజువారీ ప్రయాణికుల బళ్లకు బొగ్గింజన్లు కట్టడం ఆగిపోయింది. మైసూరు రైల్ మ్యూజియంలో నిలబెట్టిన మీటరుగేజి ఇంజన్ల పక్కన నాన్న చాలాసేపు నిలబడి, చక్రం మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందే అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను ఈ పనిలోకి దింపింది.

నా దగ్గరున్నది అమెరికన్ నమూనా. ఒకరు వాడి అమ్మింది కొన్నాను. ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ ఎనిమిది పెద్దవి, వెనక మళ్లీ రెండు చిన్నవి. ఈ అమరికను మికాడో అంటారు. 1897లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ ఇలాంటి ఇంజన్లు జపాను రైల్వేకి కట్టి పంపింది. మికాడో అంటే జపాను చక్రవర్తి, పేరు అలా నిలిచిపోయింది. మన దేశంలో గూడ్సు బళ్లు లాగిన డబ్ల్యూజీ ఇంజనుది ఇదే అమరిక. 1950లో చిత్తరంజన్ కార్ఖానా నుంచి బయటికొచ్చిన మొట్టమొదటి ఇంజను డబ్ల్యూజీయే, దానికి దేశబంధు అని పేరు పెట్టారు. మీటరుగేజి మీద గూడ్సు లాగిన వైజీది కూడా ఇదే అమరిక. జంషెడ్‌పూరులో టెల్కో వాళ్లు ఆ ఇంజన్లు కట్టారు. అందుకే అమెరికా బొమ్మ అయినా దీన్ని చూస్తే మన బండి గుర్తుకొస్తుంది. నల్లరంగు వేశాక మరీను.

కొలతలో మాత్రం ఒక చిక్కు ఉంది, దాచకుండా చెబుతాను. ఇది హెచ్‌ఓ కొలత, అంటే అసలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 మిల్లీమీటర్లు వస్తుంది. అది యూరపు, అమెరికాల గేజి. మన బ్రాడ్‌గేజి 1676. అదే కొలతకు కుదిస్తే పట్టాల ఎడం పంతొమ్మిది మిల్లీమీటర్లు దాటాలి. మీటరుగేజికి పదకొండున్నర చాలు. దుకాణంలో దొరికే ఈ పదహారున్నర పట్టా మనవాటిలో దేనికీ సరిపోదు. భారతీయ రైలును చిన్నగా కట్టాలనుకున్నవాళ్లకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇదే. కొందరు ఓపిక చేసి పట్టా తామే పేర్చుకుంటారు, వాళ్లకు నా దండం. నేను దొరికిన పట్టాతోనే సర్దుకున్నాను.

నా బల్ల ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, ఒక నిండు ప్లైవుడ్ షీటు. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక చుట్టు లైను. మలుపుల వ్యాసార్ధం 22 అంగుళాలు. ఆ చుట్టు పొడవు ఆరు మీటర్లకు కాస్త తక్కువ. 87తో హెచ్చించి చూస్తే అసలు లోకంలో అది అర కిలోమీటరు. నా రైల్వే అంతా అంతే. ప్లైవుడ్ మీద పట్టాలు నేరుగా పరిస్తే బల్ల మృదంగంలా మోగుతుంది కనుక మధ్యలో కార్కు వేశాను. అయినా మోత పూర్తిగా పోలేదు. ఆ మోత నాకెంత సాయం చేసిందో తరవాత చెబుతాను.

ఇంజను చేతికి రాగానే పట్టాల మీద పెట్టి పరుగెత్తించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తొందరను ఆపుకోవాలి. ముందు దాన్ని స్పాంజి మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వైర్లు చక్రాలకు ఆనించి, పన్నెండు వోల్టులకు మించకుండా కరెంటు ఇచ్చి చూడాలి. చక్రాలన్నీ తిరుగుతున్నాయా, రాడ్లు ఎక్కడైనా తగులుతున్నాయా చూడాలి. తరవాత నూనె. సూదిమొనకు అంటినంతే, ఇరుసుకో చుక్క. ఎక్కువైతే ఆ నూనె చక్రం మీదికి, చక్రం నుంచి పట్టా మీదికి పాకుతుంది. నూనె అంటిన పట్టా దుమ్మును లాగుతుంది, మా పేటలో దుమ్ముకు కరువు లేదు. పట్టాలు నికెల్ సిల్వరువి. పేరులో వెండి ఉంది గానీ లోహంలో లేదు, రాగి, జింకు, నికెలు కలిపినది. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలుగుడ్డతో తుడిచి, ఆరాక ఇంజనును పెట్టి, వెనక ఒక్క డబ్బా కూడా తగిలించకుండా ముందుకు అరగంట, వెనక్కి అరగంట ఓ మోస్తరు వేగంతో తిప్పాలి. పళ్లచక్రాలు ఒకదానికొకటి అలవాటు పడాలి. కొత్త చెప్పులు కాలికి అలవాటు పడ్డట్టే.

అసలు పరీక్ష దాని తరవాత మొదలవుతుంది. వేగంగా పోయే ఇంజను తన లోపాలను దాటుకుంటూ పోతుంది. మోటారుకు తగిలించిన బరువుచక్రం ఆ ఊపులో చిన్నచిన్న పట్టులను కప్పేస్తుంది. లోపం బయటపడాలంటే ఇంజను పాకాలి. గంటకు నలభై కిలోమీటర్లకు సమానమైన వేగంలో నా లైను ఒక చుట్టు 47 సెకన్లలో అయిపోతుంది. ఐదు కిలోమీటర్లకు దించితే అదే చుట్టుకు ఆరు నిమిషాలు దాటుతుంది. పెద్ద చక్రం ఒక్కసారి తిరగడానికి మూడున్నర సెకన్లు. అంత నిదానంలో ఏ ఇంజనూ ఏదీ దాచుకోలేదు.

ఇంకో మాట. ఈ రోజుల్లో టెండరులో చిప్పు పెట్టి, చిన్న స్పీకరు పెట్టి ఛుక్‌ఛుక్‌లు, కూతలు వినిపిస్తారు. నా ఇంజనుకూ ఉంది. కానీ పరీక్ష చేసేటప్పుడు ఆ శబ్దాన్ని ఆపేయాలి. అది అచ్చంగా అసలు బొగ్గింజను గొంతే, వినడానికి బాగుంటుంది, అందుకే ప్రమాదం. మోటారు పడే అవస్థ దాని వెనక వినపడకుండా పోతుంది. మొదటి పరీక్ష మూగ ఇంజనుతోనే చెయ్యాలి.

నేనలా మూగగా నడుపుతుంటే మెట్ల దగ్గర నుంచి పిలుపు వచ్చింది. మా కింది వాటాలో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన ఉంటాడు. పదేళ్ల వయసులో పెనుకొండ నుంచి పని నేర్చుకోవడానికి బళేపేట వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. మేడమీద ఏం జరుగుతోందో ఆయన ఎప్పుడూ చూడలేదు. మోకాళ్ల నొప్పి, మెట్లెక్కడు. నా బల్ల మోత ఆయన తల మీదే.

"ఏం నాయనా, నీ బండి కుంటతా ఉండాదే" అన్నాడు.

"కుంటడమేంది మామా?" అన్నాను.

"మోటారు గుయ్యిమంటా ఉంది కదా. ఆ శ్రుతి ఒకే తీరుగా నిలవడంలే. ఉండుండి దిగతా ఉంది. మళ్లీ ఎక్కతా ఉంది. నేను వేలు కొట్టి చూసినా. దిగేది సరిగ్గా ఒకే ఎడంలో వస్తా ఉంది. ఇంకోటి కూడా ఉంది. పొద్దున జోరుగా తిప్పినప్పుడు చానాసేపటికొకసారి టక్కుమనేది. అది వేరే, ఇది వేరే."

నేను పరుగున బల్ల దగ్గరికెళ్లి గడియారం పట్టుకుని చూశాను. శ్రుతి దిగడం మూడున్నర సెకన్లకొకసారి. చక్రం తిరిగే కాలమే అది. టక్కుమనడం ఇంజనుకు సంబంధించింది కాదు. వేగం పెంచి చూస్తే చుట్టుకొకసారి, కిటికీ పక్క మలుపులో, ఒకే చోట.

ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను పుస్తకాల్లో వెతికిన దానికన్నా ఇది నాకు ఎక్కువ పనికొచ్చింది. మోటారు ఇరుసు మీద మరలాంటి పళ్లగొట్టం ఉంటుంది, దాన్ని వర్మ్ అంటారు. అది తిరిగి చక్రపు ఇరుసు మీది పళ్లచక్రాన్ని తిప్పుతుంది. చక్రం ఒక్కసారి తిరగడానికి మోటారు ఇరవై ముప్పై సార్లు తిరగాలి. కాబట్టి తప్పు మోటారులో ఉంటే దడ గబగబా వస్తుంది. చక్రంలోనో రాడ్లలోనో ఉంటే చక్రం చుట్టుకొకసారి. పట్టాలో ఉంటే లైను చుట్టుకొకసారి. తాళం తెలిసినవాడికి అక్షరానికీ ఆవర్తనానికీ తేడా చెప్పాలా! ఆ ముసలాయన రైలింజను లోపల ఏముందో చూడకుండా, శ్రుతి దిగడాన్ని పట్టుకుని, తప్పు ఏ ఇంట్లో ఉందో చెప్పేశాడు. మోటారుకు బరువు పడితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే దాని శ్రుతి దిగుతుంది. హార్మోనియం రీడు మీద పని చేసే చెవికి ఆ కాస్త తేడా పెద్ద తేడా.

అసలు ఇంజనులోనైనా బొమ్మలోనైనా రెండు పక్కల రాడ్లను ఒకే కోణంలో పెట్టరు. ఒక పక్క పిన్ను పైన ఉంటే రెండో పక్కది పావు చుట్టు ముందో వెనకో ఉంటుంది. ఒక పిస్టను చివరికొచ్చి బలం లేని చోట ఆగితే రెండోది తోస్తుంది. ఆ పావు చుట్టు నాలుగు ఇరుసుల్లోనూ ఒకేలా లేకపోతే రాడ్లు చక్రాలను పట్టేస్తాయి. నాకు భయం వేసింది. చక్రాలు ఇరుసు మీద కదిలాయేమో, అలాగైతే సరిచెయ్యడం నా వల్ల కాని పని. రాడ్లు విప్పేసి తిప్పి చూశాను. శ్రుతి నిలబడింది. అంటే మోటారూ పళ్లూ బాగున్నాయి, తప్పు రాడ్లలోనో చక్రాల కోణంలోనో ఉంది. అద్దం పెట్టి చూస్తే కుడిపక్క రాడ్డులో మూడో రంధ్రం అంచున నల్లటి పొర. కిందటి నెలలో నేను వేసిన రంగే. రాడ్డుకు రంగు పూసేటప్పుడు రంధ్రాలు మూయడం మరిచిపోయాను. వెంట్రుకవాసి పొర, దాని వల్ల ఎనిమిది చక్రాలూ కుంటాయి. పంటిపుల్లను ఆల్కహాలులో ముంచి ఓపిగ్గా తిప్పితే పొర ఊడొచ్చింది. రాడ్లు బిగించి నడిపాను. కిందినుంచి మాట రాలేదు. ఆయన మాట్లాడకపోవడమే నాకు జవాబు.

కిటికీ పక్క టక్కుకు కారణం వాన. బెంగళూరు వానల్లో జల్లు లోపలికి కొట్టకపోయినా గాలిలో తేమ ప్లైవుడ్‌ను ఉబ్బిస్తుంది. బల్ల పెరిగి తగ్గినంతగా లోహం పెరగదు, తగ్గదు. పట్టాల అతుకు ఒకచోట గోరు మందమంత పైకి లేచింది. సోల్డరింగు కడ్డీతో వేడిచేసి అదిమి పట్టుకుని చల్లారనిచ్చాను. పక్క అతుకులో సన్న రంపంతో చిన్న సందు కోశాను. అసలు రైలు పట్టాలకూ ఒకప్పుడు, ఎండకు ఉక్కు పెరుగుతుందని, సందులు వదిలేవాళ్లు, ఆ సందుల మీదనుంచి పోయేటప్పుడే ఆ లయ పుట్టేది. పట్టాను పరీక్షించడానికి ఇంజనుకన్నా మంచి సాధనం లేదు. స్కేలు పెట్టి చూస్తే కనిపించని ఎత్తును ముందు చిన్నచక్రాలు కనిపెట్టేస్తాయి.

ఇక మూడో ఇబ్బంది, పక్కదారి పాయింట్ల దగ్గర ఇంజను ఆగిపోవడం. రెండు దారులు విడిపోయే చోట పట్టాలు ఒకదాన్నొకటి కోసుకునే ముక్కు ప్లాస్టిక్‌ది. కరెంటు ఉండదు. జోరుగా పోతే తెలియదు, పాకుతూ పోతే ఇంజను అక్కడే చచ్చినట్టు ఆగుతుంది. అసలైన మందు ఆ ముక్కును లోహంతో చేసి దానికి కరెంటు ఇవ్వడం, దారి మారినప్పుడల్లా అదీ మారేలా. నా పాయింట్లు అవి కావు కనుక టెండరులో కరెంటు దాచిపెట్టాను. మా ఇంటినుంచి నడిచి వెళ్లే దూరంలో సదర్ పత్రప్ప రోడ్డు, ఎస్పీ రోడ్డంటేనే అందరికీ తెలుసు. అక్కడ దొరకని ఎలక్ట్రానిక్ సామానంటూ ఉండదు. 25 వోల్టుల 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, 100 ఓముల రెసిస్టరు, ఒక డయోడు. కెపాసిటరు మెల్లగా నిండటానికి రెసిస్టరు, అవసరమైనప్పుడు వెంటనే ఇవ్వడానికి డయోడు. మూడూ కలిపి టీ ఖర్చు. చక్రాలకు కరెంటు అందని ఆ ఒక్క క్షణం ఇంజను తన మూటలోది తిని నడుస్తుంది.

సాయంత్రం మళ్లీ పట్టాలెక్కించాను. ఈసారి శబ్దం కూడా పెట్టాను. చక్రం చుట్టుకు నాలుగు దెబ్బలు పడేలా చిప్పులో అంకెలు దిద్దాను. అప్పుడు కిందికి వెళ్లి, మామా, ఒక్కసారి పైకి రావాలన్నాను. చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ తీసుకొచ్చాను.

ఆయన ఇంజనును చూసి మొదట అడిగిన మాట, నిప్పేదీ అని. నీళ్లెక్కడ పోస్తావు నాయనా అని. చెప్పాను. 87వ వంతుకు కుదిస్తే బాయిలరు ఉపరితలం ఏడున్నర వేల వంతు అవుతుంది, లోపల నీళ్లు మాత్రం ఆరున్నర లక్షల వంతుకు పడిపోతాయి. ఉన్న కాసిని నీళ్లకు చల్లారడానికి చోటు మరీ ఎక్కువ. పొడుగు, వెడల్పు కుదించినట్టు వేడిని కుదించలేం. చెయ్యలేరని కాదు. 2003లో ఇంగ్లండులో హార్న్‌బీ కంపెనీ ఇంచుమించు ఇంతే సైజులో మల్లార్డ్ ఇంజనును నిజంగా ఆవిరితో నడిచేలా చేసింది, నీటిని పట్టాల కరెంటుతోనే కాచి. నిప్పు పెట్టి నడపాలంటే పట్టాల ఎడం 45 మిల్లీమీటర్లు ఉండే పెద్ద బొమ్మలు నయం, వాటికి గది చాలదు, తోట కావాలి. బళేపేటలో తోట ఎక్కడ? ఆయన తల ఊపాడు, కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు.

ఇంజను కదిలింది. కంట్రోలరులో వేగానికి 128 మెట్లు, నాలుగో మెట్టు మీద పెట్టాను. పాయింట్లు దాటింది, ఆగలేదు. కిటికీ మలుపు దాటింది, టక్కుమనలేదు. ఆయన చూడటం మానేసి కళ్లు మూసుకున్నాడు.

"దొడ్డబళ్లాపురం రాకముందు మాకళిదుర్గ అని ఒక ఎక్కుడు ఉంది, తెలుసా?" అన్నాడు. "కొండల నడుమ. పదేండ్లవాణ్ణి, మా చిన్నాయన తోడు. బండి అక్కడ ఎంత నిదానమయిపోయిందంటే, దెబ్బా దెబ్బా విడివిడిగా వినపడింది. ఆగిపోతే బాగుండు, వెనక్కి పోతే మా అమ్మ దగ్గరికి పోతా అనుకున్నా. లెక్కపెడతా కూర్చున్నా."

నేను మూడో మెట్టుకు దించాను.

"ఇంకా నిదానం" అన్నాడు కళ్లు తెరవకుండా.

రెండో మెట్టుకు దించాను. ఇంజను ఆగలేదు. మోకాలి మీద ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. ఒకటి... రెండు... మూడు... నాలుగు.